కుమ్మరి సారెయు, పనిలో క్రొత్తదనమును

ప్రతి సంవత్సరమును ఒక పర్యాయము పై తరగతుల బాలురను ఏదో యొక వృత్తివారి యింటికి తీసికొనిపోయి, అక్కడ పని జరుగు విధమును చూపించుట మాకు వాడుక. ఈ యేడు బందరునుండి గుడివాడకు పోవు మార్గమున నున్న యొక గ్రామములో కుమ్మరివాడకు వెళ్లితిమి. అక్కడ నొక వృద్ధుడు చెట్టునీడను సారెముందు కూర్చుండి కడవలు చేయుచుండెను. బాలురు కొంతసేపు నిశ్శబ్దముగా చూచిరి. అంతట వారిలో చుఱుకైనవా డొకడు, "తాతగారూ, చిన్ననాటినుండి ఈ కడవలే చేయుచున్నారు గదా, మీకు విసుగు పుట్టదా?" అని యడిగెను.

ఆ వృద్ధుడు సారెను ఆపలేదు. "ఈ కడవలే యని ఎవరు చెప్పినారు బాబూ? నిన్నటి మట్టి వేరు, నేటి మట్టి వేరు. నా చేయి కూడ నిన్నటి చేయి కాదు" అనెను.

బాలు డడిగిన ప్రశ్న కుమ్మరికి మాత్రమే సంబంధించినది కాదు. ఇరువది యేండ్లుగా అదే తరగతికి అదే భూగోళ పాఠమును చెప్పుచున్న మాకును అది తగిలినది. కూటికొఱకు చేయు పనిని ప్రతిదినమును చేయక తప్పదు. ప్రతిదినమును చేయుపని పాతబడక యుండుట యెట్లు? ఈ సంగతిని ఆ కుమ్మరి పనినిబట్టియే విచారింపవలెనని మా కోరిక.

మొదట మట్టి సంగతి తెలిసికొందము. కృష్ణానది పడమటి కనుమలలో మహాబలేశ్వరమువద్ద పుట్టి, దక్కను పీఠభూమిలోని నల్లరేగడి నేలలమీదుగా ప్రవహించి, తాను మోసికొనివచ్చిన మెత్తని ఒండ్రును సముద్ర సమీపమున విడిచిపెట్టుచు వచ్చినది. అవనిగడ్డ చెంత నది రెండు పాయలుగా చీలి, నడుమ దివిసీమను చుట్టుకొన్నది. ఈ ప్రాంతపు బంకమన్ను మిక్కిలి మెత్తనిది, జిగట గలది. సారెమీద ఎట్లు వంచిన అట్లు వంగును. కాని దాని గుణమే దాని దోషము. తడిసినప్పుడు ఉబ్బును, ఆరునప్పుడు ముడుచుకొని బీటలు వారును. కావున కుమ్మరి దానిలో ఇసుకనుగాని జల్లెడపట్టిన బూడిదనుగాని కలుపును. ఎంత కలుపవలెనో యే పుస్తకములోను చూచికొనడు. చేతిలో నొక ముద్దను తీసికొని, వేలివలె పేని, వంచి చూచును. వంపునొద్ద పగిలినయెడల ఇసుక యెక్కువైనది. వ్రేళ్లకు అంటుకొని వదలకున్నయెడల తక్కువైనది.

మన సీమలో మఱి రెండు చిక్కులు గలవు. ఒకటి సున్నపు గులకలు. ఇవి ఆవములో కాలి పొడిసున్నముగా మారును. కుండ చల్లబడిన కొన్ని దినములకు అవి గాలిలోని తేమను పీల్చి, ఉబ్బి, కుండయొక్క పైపొరను చిట్లగొట్టును. అందుచేతనే మట్టిని నానబెట్టి, కాళ్లతో త్రొక్కి, ప్రతి ముద్దను వ్రేళ్లతో వెదకి, గులకలను ఏరివేయుదురు. రెండవది ఉప్పు. మన తీరము సముద్రము నేలమీదికి నడచివచ్చిన తీరము. 1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీని బందరును ముంచిన ఉప్పెనను మన పెద్దల తాతలు చూచిరి. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీని దివిసీమను ముంచిన ఉప్పెనను మన పెద్దలే చూచిరి. ఉప్పుపట్టిన మట్టితో కుండ చేసినయెడల, అది ఆరునప్పుడు లోని నీటితోకూడ ఉప్పు పైకి వచ్చి, తెల్లని పొరగా నిలిచిపోవును. కావున ఒక చెరువుమట్టి పనికివచ్చును, దాని ప్రక్క గుంటలోని మట్టి పనికిరాదు. వర్షములకు ముందు త్రవ్విన మట్టికిని తరువాత త్రవ్విన మట్టికిని భేద ముండును. "నిన్నటి మట్టి వేరు" అను మాట ఉబుసుపోకకు చెప్పినది కాదని విద్యార్థు లిప్పుడు గ్రహింతురు.

ఇక సారె సంగతి. బరువైన చక్రమును కఱ్ఱతో త్రిప్పి విడిచినచో, ఆ బరువుచేతనే అది కొంతసేపు తిరుగుచుండును. ఆ కొద్ది నిమిషములలోనే ముద్దను నడిమికి తెచ్చి, బొటనవ్రేలితో గుంటచేసి, గోడను పైకి లేపి, మెడను మలచి, అంచును త్రిప్పవలెను. ముద్ద నడిమికి రాకున్నచో తరువాత చేసినదంతయు వంకర పోవును. మేమును ఆ వృద్ధుని యనుమతితో నొకమారు ప్రయత్నించితిమి. ముద్ద మా చేతులను త్రోసివేసి ప్రక్కకు కూలినది. బాలురు నవ్విరి, మేమును నవ్వితిమి.

సారెమీదనుండి త్రాటితో కోసి దించిన కడవకు అడుగు మందముగా నుండును. అది కొంచెము ఆరినపిదప లోపల నున్నని రాతిని పట్టి, వెలుపల సలపతో కొట్టి, ఆ మందమును పలుచన చేయుచు గుండ్రని అడుగును తీర్తురు. ఆ గుండ్రదనము అందమునకు మాత్రమే కాదు. మూలలు లేని అడుగునకు మంట అన్నివైపుల సమముగా తగులును. మూడు రాళ్ల పొయ్యిమీద చక్కగా అమరును. తరువాత నీడను ఆరబెట్టి, ఎఱ్ఱమట్టి పూత పూసి, ఆవములో పేర్చి, కట్టెలు పిడకలు వరిగడ్డి కప్పి కాల్తురు. సుమారు 500 డిగ్రీల వేడిమి దాటునప్పటికి మట్టిలో రసాయనికముగా ఇమిడియున్న నీరు విడిపోవును. అటుపిమ్మట దానిని ఎన్నాళ్లు నానబెట్టినను మరల మట్టిముద్ద కాదు. గాలి బాగుగా తగిలిన కుండ అందలి యినుముచేత ఎఱ్ఱనగును. గాలిని మూసి పొగలో మ్రగ్గనిచ్చిన కుండ నల్లనగును. ఇట్టి కాల్పులో మట్టికణముల నడుమ సన్నని రంధ్రములు మిగులును. వానిగుండ నీరు కొంచెముకొంచెముగా ఊరి ఆవిరియగుచు, లోనినీటి వేడిమిని తీసికొనిపోవును. వేసవిలో కూజానీరు చల్లనగుటకు ఇదియే కారణము.

ఇంత శ్రమ యైన తరువాతను ఒక గాలివాన, ఒక తడి పిడక, ఒక తొందరపాటు చాలును. కుమ్మరి కొక యేడు గుదియ కొక పెట్టు అను మన సామెత ఊరక పుట్టలేదు.

ఇప్పుడు బ్రతుకుదెరువు సంగతి. ఒకప్పుడు వంటకుండ, చట్టి, మూకుడు, దాక, కడవ, బాన, గోలెము లేని యిల్లు మన సీమలో లేదు. గత శతాబ్దములో సత్తు పాత్రలు వచ్చినవి. వాని వెనుక స్టీలు, ప్లాస్టిక్కు వచ్చినవి. పిదప చల్లని పెట్టెలు వచ్చినవి. నేడు కుమ్మరికి మిగిలినవి వేసవిలో కూజాలు, దీపావళికి ప్రమిదలు, పెండ్లిండ్లకు అరివేణి కుండలు, పిల్లలు కాసులు దాచుకొను డిబ్బీలు, పూలమొక్కల కుండీలు. ఇవియు ఋతువునుబట్టి వచ్చు బేరములు. వానకాలములో కుండ ఆరదు, ఆవము మండదు. కావున బేరమున్న నెలలలో నూర్లకొలది ఒకే వస్తువును చేయక తప్పదు. పనిలో క్రొత్తదనమును గూర్చి అట్టివానికి ఉపదేశము చేయుట, ఆకలిగొన్నవానికి పాట నేర్పినట్లుండును. మొదట అన్నము, అందు సందేహము లేదు.

అయినను మేము గమనించిన దేమనగా, పనిని పాతబఱచునది పునరుక్తి కాదు. చూడకుండ చేయుటయే పనిని పాతబఱచును. ఇందుకు దూరదేశపు నిదర్శన మొకటి చెప్పెదము. జపాను దేశములో తోక్యో నగరమునకు ఉత్తరమున మాషికో అను గ్రామము కలదు. అక్కడ 1853వ సంవత్సరమునుండి సామాన్యుల వంటయింటికి వలయు కుండలు, జాడీలు, తేనీటి పాత్రలు చేయుచు వచ్చిరి. ఆ పాత్రలమీద కొండను, నీటిని, చెట్లను చిత్రించుచు మినగావ మాసు అను నామె జీవితమంతయు గడపెను. బాల్యమునుండి వార్ధక్యమువఱకు దినమునకు వందలకొలది పాత్రలమీద ఆమె ఆ చిత్రములనే వ్రాసెను. ఎవరును ఆమెను చిత్రకారిణి యని పిలువలేదు. ఆమె కూలికి పనిచేసినది. కాని 1936వ సంవత్సరములో తోక్యోలో జానపద కళల ప్రదర్శనశాలను స్థాపించిన యనగి సోఎత్సు అను పండితుడు ఆమె కుంచెవ్రేటులోని స్వేచ్ఛను చూచి మెచ్చుకొనెను. వేలమారులు వ్రాసిన చేతికి ఆలోచింప నక్కఱలేని నైపుణ్య మబ్బును. అట్టి చేతిలో జీవము నిలువగలదని ఆమె పని చూపుచున్నది.

ఇంకొక నిదర్శనము. బెర్నార్డు లీచి అను ఆంగ్లేయుడును, హమద షోజి అను జపాను దేశీయుడును కలిసి 1920వ సంవత్సరములో ఇంగ్లండులోని సెంటు ఐవ్సు అను సముద్రతీర పట్టణమున నొక కుండల కర్మశాలను పెట్టిరి. తనకు తోచిన యపురూప వస్తువులను మాత్రమే చేసి అమ్ముట లీచికి కష్టమైనది. చాలకాలము ధనపు టిబ్బంది పడిరి. తరువాత వారు లోటాలు, గిన్నెలు, కూజాలు మొదలగు నిత్యోపయోగ వస్తువులను ఒక నిర్ణీతమైన పట్టికప్రకారము తక్కువ వెలకు చేయ నారంభించిరి. కుదిరిన అమ్మకము వానివలననే కలిగెను. శిష్యులు వానిని వందలకొలది చేయుచునే చేయి తిరుగుట నేర్చికొనిరి. లీచి తన సొంత ప్రయోగములను ప్రత్యేకముగా చేసికొనుచుండెను. హమద స్వదేశమునకు మరలిపోయి, పైన చెప్పిన మాషికోలోనే స్థిరపడి, ఆ యూరి మట్టితోనే జీవితాంతము పనిచేసెను. 1955వ సంవత్సరములో ఆ దేశ ప్రభుత్వ మాయనను జాతి గౌరవింపదగిన పనివారిలో నొకనిగా ఎన్నుకొనెను. నిత్యపు పని యన్నము పెట్టినది. ప్రయోగము చేతికి చూపు నిచ్చినది. ఒకటి లేక రెండవది నిలువలేదు.

ఇంత దూరము పోనక్కఱలేదు. బందరునకు కొలది మైళ్లలో పెడన యున్నది. అక్కడి కలంకారీ అద్దకపు పనివారిని చూడుడు. గుడ్డను కరక్కాయ కషాయములో పాలతో తడిపి, చెక్క అచ్చులతో నద్దుదురు. ఇనుపత్రుప్పును బెల్లపు నీటిలో పులియబెట్టి నలుపును, పటికను ఆధారముగా చేసికొని ఎఱుపును తెత్తురు. 1605-06 ప్రాంతమున డచ్చివారును, 1611వ సంవత్సరమున ఆంగ్లేయులును బందరులో కోఠీలు పెట్టుటకు ముఖ్య కారణము ఈ తీరపు వస్త్రములే. పారసీకులకు ఒక తీరు, సయాము దేశస్థులకు ఒక తీరు, ఐరోపావారికి ఇంకొక తీరు చొప్పున మన తీరపు అద్దకపువారు పూలతీగెలను మార్చుచు వచ్చిరి. ఆ దేశముల వస్త్రములు అంగడినిబట్టి మారినవి. రంగు పట్టు రహస్యము మాత్రము మారలేదు. ఫ్రాన్సు ప్రభుత్వము 1686వ సంవత్సరములోను, ఇంగ్లండు ప్రభుత్వము 1721వ సంవత్సరములోను తమ దేశపు నేతగాండ్రను కాపాడుటకై ఈ రంగు గుడ్డలను నిషేధించిరి. ఆ దెబ్బ చిన్నది కాదు. అయినను ఆ విద్య నేటికిని పెడనలో బ్రతికియున్నది. కొనువాడు కోరిన మార్పు పనివానికి బానిసత్వము కానక్కఱలేదు, తన విద్యయొక్క మూలమును విడువకున్నయెడల అది పాఠముకూడ కావచ్చును.

మరల మన కుమ్మరి యింటికి వత్తము. పని ముగిసిన పిమ్మట ఆ వృద్ధుడు మమ్ములను లోపలికి తీసికొనిపోయి, అటకమీద వరుసగా నున్న చిన్నచిన్న కుండలను చూపెను. ఒకదాని మెడ సన్నము. ఒకదాని మూత క్రొత్త తీరు. రెండు మూడు బీటలు వారినవి. ఒకదానిని వ్రేలితో కొట్టి వినిపించెను. అది ఓటికుండవలె బొంగురుగా మ్రోగినది. "ఇవి అమ్మకమునకు గావు మాస్టారూ. ఇవి నా పలక" అనెను. ప్రతి ఆవములోను నాలుగైదు కుండలను తన యిష్టము వచ్చినట్లు చేసి పెట్టుట ఆయనకు అలవాటట. చెడిపోయినచో ఎందుకు చెడినదో చూచుకొనుట, బాగుపడినచో మఱుసటి వేసవి కూజాలో ఆ మార్పును చేర్చుట. ఇప్పుడాయన చేయు కూజాలకు నీరు కారకుండ వంచు ముక్కు అట్లు వచ్చినదే.

ఈ పలకకు ఖర్చు ఉన్నది. దానిని విద్యార్థులు లెక్కవేసి చూడవలెను. ఒక ఆవములో నూఱు కూజాలు పట్టుననియు, మట్టి, వంటచెఱకు, కూలి, బండి అన్నియు కలిసి 3,400 రూపాయలు ఖర్చగుననియు ఊహించుకొందము. అన్నియు అమ్ముడుపోయినయెడల ఒక్కొక్కదాని అసలు వెల 34 రూపాయలు. కాని పది పగిలిపోవును. అయిదు పలకక్రింద పోవును. మిగిలిన 85 కూజాలే మొత్తము ఖర్చును మోయవలెను. అప్పుడు ఒక్కొక్కదాని అసలు వెల 40 రూపాయలు. ఈ హెచ్చు ఆరు రూపాయలలోనే పగులునకు పరిహారమును, నేర్చుకొనుటకు జీతమును ఉన్నవి. చాలమంది పనివారు ఈ లెక్క వేసికొనక 34 రూపాయలే అసలు వెల యనుకొని, రెండు రూపాయల లాభము చూచికొని అమ్మివేయుదురు. నిజమునకు వారు నష్టమునకే అమ్మినవారు. అట్టి నష్టములో మొదట పోవునది ఆ అయిదు కుండల పలకయే.

తలిదండ్రులకు మా మనవి ఇక్కడనే. సంతలో కూజాను చేతబట్టి, అంగడిలోని ప్లాస్టిక్కు సీసాకు అడిగిన వెల యిచ్చి వచ్చిన మనము, కుమ్మరియొద్ద ఆరు రూపాయలకై గీచి గీచి బేరమాడుదుము. ఆ ఆరు రూపాయలు వాని పలకను మన చేతులతో తుడిచివేసినట్లే. తరువాత "వీండ్ర పనిలో క్రొత్తదనము లేదు" అనుటకు మనకు అధికారము లేదు.

ఆ వృద్ధుని మనుమడు మన పాఠశాలలవంటి యొక పాఠశాలలోనే చదువుచున్నాడు. వాడు సారె పట్టునా పట్టడా యని మేము అడుగలేదు. కులవృత్తి యని యెవ్వరిని దానికి కట్టివేయరాదు. చదువుకొని వేఱు పని చేయుటకు వానికి పూర్తి హక్కు కలదు. అయితే వాడు గుమాస్తా యైనను, వైద్యుడైనను, ఉపాధ్యాయుడైనను, తాతయొద్ద నేర్చుకొనదగిన విద్య యొకటి యున్నది. అన్నము పెట్టు పనిని శ్రద్ధతో చేయుము. అందులో కొంచెము భాగము, ఎంత కొంచెమైనను, నీ పలకకై విడిచిపెట్టుము. దాని ఖర్చును సిగ్గుపడక లెక్కలో వ్రాయుము. చెడిపోయినదానిని పాఱవేయక అటకమీద పెట్టుము. పరిశుద్ధ గ్రంథములో యిర్మీయా ప్రవక్త కుమ్మరి యింటికి పోయి చూచిన సంగతి మన బాలు రెఱుగుదురు. కుమ్మరి చేతిలో చెడిన పాత్ర అక్కడ పాఱవేయబడలేదు. ఆ మట్టియే మఱియొక పాత్ర అయినది.

మేము బయలుదేరునప్పుడు ఆ వృద్ధుడు తడిగుడ్డలో చుట్టి ఒక మట్టిముద్ద నిచ్చెను. ఆ రాత్రి మా భూగోళ పాఠముల నోటుపుస్తకమును తెఱచి చూచితిమి. కృష్ణా డెల్టాను గూర్చిన పుట పసుపుపచ్చబడి, అంచులు చిరిగి యున్నది. ఇరువది యేండ్లనుండి ఒక్క వాక్యమైనను మార్చినట్లు లేదు. డెల్టా మట్టిని గూర్చి అంతకాలము బోధించితిమి గాని, ఆ మట్టిని తరగతిలోనికి ఒక్కనాడైనను తేలేదు. మఱుసటి సోమవారమున పాఠమును ఆ ముద్దతో ఆరంభించితిమి. దానిని చేతులు మార్చుచు బాలురు నలిపిరి, వాసన చూచిరి, ఎండబెట్టి బీటలను లెక్కించిరి. ఒక బాలుడు దివిసీమలోని తన యూరి చెరువుమట్టిని తెచ్చి, రెండింటిని ప్రక్కప్రక్కన ఎండబెట్టెను. వాని మట్టిమీద తెల్లనిపొర తేలినది. అది యేల వచ్చినదని తరగతి యంతయు ఒక్కసారిగా అడిగెను. ఇరువది యేండ్లలో ఆ పాఠమునందు మమ్ము ఎవరును ప్రశ్న యడుగుట అదియే మొదటిసారి.